సమాజం పనీ, సంఘం పెత్తనమూ

తెలుగు లూథరన్ సంఘాల్లో రెండు మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకటి సంఘం, రెండోది సమాజం. సంఘం అంటే గుడికి చెందిన ఆడా మగా అందరూ. సమాజం అంటే స్త్రీల సమాజం. వారంలో ఒకరోజు కూడుకుని ప్రార్థన చేసుకోవడం, పాటలు నేర్చుకోవడం, జబ్బుపడ్డవాళ్లని చూడ్డానికి వెళ్లడం, పండక్కి గుడి కడిగి అలంకరించడం, ఇల్లిల్లూ తిరిగి కానుకలు పోగుచేయడం సమాజం పని. స్థలం కొనడం, పాస్టరుగారితో మాట్లాడటం, లెక్కలు తేల్చడం సంఘ పెద్దల పని. పెద్దలంటే చాలాకాలం మగవాళ్లే. పని చేసేది ఒకరూ నిర్ణయం తీసుకునేది మరొకరూ కావడం మన ఇళ్లలో, పొలాల్లో, యూనివర్సిటీల్లో ఉన్నదే. చర్చి విషయంలో మాత్రం ఈ విభజన నూట నలభై ఏళ్లుగా నివేదికల్లో, పుస్తకాల్లో, మినిట్స్‌లో నమోదవుతూ వచ్చింది. ఆ కాగితాలని స్త్రీవాద విమర్శ చదవాల్సినంతగా చదవలేదని నా అభిప్రాయం.

ఈ వ్యాసం రాస్తున్నది మేడిపల్లి నుంచి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు లూథరన్ మిషన్ ప్రధాన క్షేత్రం కాదు. ఇక్కడ పనిచేసింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. 1978లో కరీంనగర్ డయోసిస్ ఏర్పడింది. ఇక్కడి ఆడవాళ్లు తమ కూటమిని స్త్రీల మైత్రి అంటారు. మరి ఇక్కడ కూర్చుని గుంటూరు, రాజమండ్రి లూథరన్ స్త్రీల గురించి రాయడం దేనికంటే రెండు కారణాలున్నాయి. అక్కడి స్త్రీల పని వెనక స్త్రీలే పెట్టుకున్న సంస్థలూ, స్త్రీలే పోగుచేసిన డబ్బూ ఉన్నాయి. పైగా ఆ సంఘంలోంచి వచ్చిన ఒక స్త్రీ నాయకత్వం చేయడమే కాక, సంఘం ఎలా పెరగాలో పుస్తకం కూడా రాసింది. ఆ పుస్తకాన్ని మెచ్చుకోవాలా, దానితో పేచీ పడాలా అన్నది ఇప్పటికీ తేలని విషయం.

ముందు ఆ సంస్థల సంగతి చూద్దాం. హేయర్ అనే అమెరికన్ లూథరన్ పాస్టరు గుంటూరు వచ్చింది 1842లో. మిషన్ చరిత్రలన్నీ ఆయనతోనే మొదలవుతాయి. స్త్రీల కథకి మొదలు వేరే ఉంది. 1879లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జనరల్ సినడ్‌కి చెందిన లూథరన్ స్త్రీలు సొంతంగా ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ ఏడే పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాల నుంచి అన్నా సారా కుగ్లర్ వైద్య పట్టా పుచ్చుకుంది. 1883 చివర ఆమె గుంటూరు చేరింది. ఆమెని డాక్టరుగా పంపలేదు. గోషా స్త్రీల ఇళ్లలో చదువు చెప్పడానికీ, బడి పనికీ పంపారు. వైద్యం పని మొదలుపెట్టడానికి పైవాళ్లు ఇంకా సిద్ధంగా లేరు. ఆమె మాత్రం పరికరాలు వెంట తెచ్చుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ రోగుల్ని చూసింది. 1885 చివర్లో గానీ ఆమెని వైద్య మిషనరీగా నియమించలేదు. 1898లో ఆసుపత్రి తెరిచారు. గుంటూరు వాళ్లు ఇప్పటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. 1930లో గుంటూరులోనే ఆమె చనిపోయింది.

రాజమండ్రి వైపు కథ కూడా ఇలాంటిదే. స్వీడన్ నుంచి వలస వెళ్లిన కుటుంబాల అగస్టానా సినడ్‌లో 1892లో ఎమ్మీ ఎవాల్డ్ నాయకత్వాన స్త్రీల మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఎవాల్డ్ ఓటు హక్కు ఉద్యమంలో పనిచేసిన మనిషి. ఆ సొసైటీకి 1935 దాకా ఆమే అధ్యక్షురాలు. అగస్టానా సంఘం నుంచి వచ్చి రాజమండ్రిలో పనిచేసి అక్కడే చనిపోయిన షార్లెట్ స్వెన్సన్ పేరు మీద తర్వాత బైబిలు శిక్షణ పాఠశాల వెలిసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1920 దాకా అమెరికా అంతటా ఓటు లేని స్త్రీలు, తమ చర్చిల్లో వేదికెక్కి ప్రసంగించే అధికారం లేని స్త్రీలు, సొంత ఖజానా పెట్టుకుని సముద్రం అవతల ఆసుపత్రులకీ బడులకీ డబ్బు పంపారు. సభ నడపడం, తీర్మానం రాయడం, లెక్క చూపడం నేర్చుకున్నారు. అది నిజమైన నాయకత్వమే. కానీ వాళ్ల చర్చి దాన్ని 'సహాయక సంఘం' అన్న పేరుతోనే పిలిచింది. కుగ్లర్ కాన్పు చేసి తల్లినీ బిడ్డనీ బతికించవచ్చు. అదే బిడ్డకి బాప్తిస్మం ఇవ్వాలంటే పాస్టరుగారు రావాలి.

కుగ్లర్ 1928లో పుస్తకం రాసింది. దాని పేరు 'గుంటూరు మిషన్ హాస్పిటల్'. నలభై అయిదేళ్లు ఈ దేశంలో బతికిన స్త్రీ తన పుస్తకానికి కట్టడం పేరు పెట్టుకుంది. ఆ కాలపు స్త్రీలకి 'నేను' అని రాసుకోవడం సులభం కాదు. సంస్థ చాటున నిలబడితేనే రాయగలిగారు. ఆ సంకోచాన్ని మనం అర్థం చేసుకోగలం. అయితే కట్టడాన్ని కథానాయికని చేసినప్పుడు దానికి రాయి మోసినవాళ్లు మరింత వెనక్కి వెళతారు. అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ వెనక్కి వెళ్లినవాళ్లు బైబిలు స్త్రీలు. ఈ ఉద్యోగం పుట్టింది 1857లో లండన్‌లో. ఎలెన్ రన్యార్డ్ అనే ఆమె పేదపేటల్లో బైబిళ్లు అమ్మడానికి ఆ పేటల స్త్రీలనే జీతానికి పెట్టుకుంది. మిషన్లు ఈ పద్ధతిని ఇండియాకి తెచ్చాయి. తెల్ల దొరసానికి తెలుగు రాదు, ఊళ్లు తెలియవు, ఏ ఇంటికి ఎటునుంచి వెళ్లాలో తెలియదు. ఆ తెలివి బైబిలు స్త్రీది. ఆమె ఊరూరూ నడిచింది. అక్షరాలు చెప్పింది, పాటలు నేర్పింది, కాన్పుల దగ్గర కూర్చుంది, చావుల దగ్గర ప్రార్థన చేసింది. ఆంధ్ర లూథరన్ సంఘం ప్రధానంగా మాల, మాదిగ వాడల్లో లేచిన సంఘం కాబట్టి వీళ్లలో ఎంతోమంది ఆ వాడల స్త్రీలే. బావి దగ్గరికి రానివ్వని ఊళ్లో ఒక మాదిగ స్త్రీ చేతిలో పుస్తకంతో నడిచి వెళ్లడం ఎంత పెద్ద విషయమో ఇవాళ ఊహించుకోవాలి. భర్త పేరుతో, భూస్వామి పేరుతో తప్ప గుర్తింపు లేని చోట ఆమెకి నెలజీతం ఉంది, పని ఉంది, వెళ్లాల్సిన చోట్లున్నాయి.

మిషన్ నివేదికల్లో ఆమె ఎలా కనిపిస్తుంది? ఎక్కువగా అంకెగా కనిపిస్తుంది. బైబిలు స్త్రీలు ఇంతమంది, తిరిగిన ఇళ్లు ఇన్ని, విద్యార్థినులు ఇంతమంది. పేరు వచ్చినా అది ఒక్క పేరే, ఇంటిపేరుండదు. ఆమె ఏం చెప్పిందో ఉండదు, ఎంతమంది మారారో ఉంటుంది. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో వలసపాలన కాలపు తెలుగు స్త్రీల మీద, వాళ్ల మిషన్ పని మీద కులం, జెండర్ కోణాల నుంచి ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాక బైబిలు స్త్రీ పరిశోధనకి విషయమైంది. తెలుగు సాహిత్య చరిత్రలో మాత్రం ఆమెకింకా చోటు దొరకలేదు. స్త్రీవిద్య అనగానే వీరేశలింగం దగ్గర మొదలుపెట్టే మనం, వాడల్లో ఆడపిల్లలకి అక్షరాలు దిద్దించినవాళ్లని ఆ లెక్కలోకి తీసుకురాలేదు. నర్సుల సంగతీ అంతే. నర్సు పనిని పెద్దకులాలు చిన్నచూపు చూసిన రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణకి చేరింది ఎక్కువగా క్రైస్తవుల ఆడపిల్లలే. తెలుగునాట దళిత స్త్రీల మొదటి తరం ఉద్యోగినుల్లో వీళ్లున్నారు. ఆ తరం గురించి స్త్రీవాద చరిత్ర ఎంత రాసిందో మనకి మనమే అడుగుకోవాలి.

ఇంకో రకం నాయకత్వం కూడా ఉంది. పాస్టరమ్మగారి నాయకత్వం. చాలా చోట్ల స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు పాస్టరుగారి భార్యే. ఎన్నుకోవడమంటూ ఉండదు, పెళ్లితో వచ్చే పదవి. దీని మూలం లూథర్ ఇంట్లోనే ఉంది. 1525లో ఆయన పెళ్లాడిన కేతరీనా ఫాన్ బోరా మఠం విడిచి వచ్చిన సన్యాసిని. ఆ ఇంట్లో విద్యార్థులకి భోజనాలు పెట్టింది, పొలం చూసింది, బీరు కాచింది, లెక్కలు చూసింది. లూథరన్ లోకం ఆమెని పాస్టరు భార్యకి నమూనాగా నిలబెట్టింది. మన ఊళ్లలో అమ్మగారు కూడా ఇలాగే ఆదివారపు బడి చెబుతుంది, తగువులు తీరుస్తుంది, వచ్చినవాళ్లందరికీ అన్నం వండుతుంది. జీతం ఆయనకే వస్తుంది. ఆయనకి బదిలీ అయితే ఆమె నాయకత్వం కూడా సామాన్లతోపాటు బండెక్కుతుంది. ఆయన పోతే ఇల్లు ఖాళీ చేయాలి. ఇరవై ఏళ్లుగా సమాజంలో పనిచేస్తున్న ఊరి స్త్రీ, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన అమ్మగారి పక్కన కార్యదర్శిగానో కోశాధికారిగానో ఉండిపోతుంది. ఇందులో అమ్మగారి తప్పేమీ లేదు. ఆమెకీ ఈ పదవి కావాలో వద్దో ఎవరూ అడగలేదు. నాయకత్వాన్ని పెళ్లికి కట్టిపెట్టిన ఏర్పాటునే మనం ప్రశ్నించాలి.

ఈ నేపథ్యంలో బి.వి. సుబ్బమ్మని చదవాలి. 1924లో గుంటూరు జిల్లా బోడిపాలెంలో కమ్మ కుటుంబంలో పుట్టిన సుబ్బమ్మ మిషన్ చదువు ద్వారా క్రైస్తవంలోకి వచ్చింది. ఆమె హోదాకి మూలం ఏ పాస్టరుగారితోనో పెళ్లి కాదు, చదువూ పనీ. రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ బైబిలు శిక్షణ పాఠశాలని నడిపింది. క్రైస్తవ ఆశ్రమాలు పెట్టింది. అమెరికాలో ఫుల్లర్ సెమినరీలో చదివింది. 1970లో 'న్యూ పాటర్న్స్ ఫర్ డిసైప్లింగ్ హిందూస్' అనే పుస్తకం రాసింది. తెలుగు లూథరన్ స్త్రీ ఒకతె సంఘం భవిష్యత్తు గురించి సిద్ధాంతం రాయడం అప్పటికి మామూలు విషయం కాదు. పురుషుల మిషన్ శాస్త్రంలోకి ఆమె నేరుగా నడిచి వెళ్లింది.

ఆమె వాదన ఇది. ఆంధ్ర లూథరన్ సంఘం మాల, మాదిగ సంఘంగా ఉంది. పై కులాల్లో క్రీస్తుని నమ్మేవాళ్లున్నా, ఈ సంఘంలో చేరడమంటే వాళ్లకి తమ వాళ్లని వదులుకోవడంగా కనిపిస్తోంది. కాబట్టి వాళ్లు తమ కులాన్ని, బంధువర్గాన్ని వదలకుండానే, తమ ఇళ్లలో, ఆశ్రమాల్లో ఆరాధించుకునే పద్ధతులు కావాలి. ఫుల్లర్‌లో డొనాల్డ్ మెక్‌గావ్రన్ బోధించిన సంఘాభివృద్ధి సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది. మనుషులు తమ జాతి, భాష, వర్గం గీతలు దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారని దాని సారం.

స్త్రీ దృష్టితో చూస్తే సుబ్బమ్మ వాదనలో బలం ఉంది. కులం ఇంట్లోని స్త్రీకి బాప్తిస్మం అంటే ఇల్లు పోవడం, పిల్లలు పోవడం, పుట్టిల్లు మూసుకుపోవడం. మగవాడు కుటుంబాన్ని తనతో తెచ్చుకోగలడు. ఆడది ఒంటరిగా బయటికి రావాలి. ఆ స్త్రీ గడప దాటకుండానే ప్రార్థించుకోగల చోటు కావాలని సుబ్బమ్మ అనడం వెనక, ఆ గడపల వెనక బతుకు తెలిసిన మనిషి అనుభవం ఉంది. వంటింటినీ పెరటినీ ఆరాధన స్థలాలుగా ఒప్పుకోవడం, గుడి గోడల మీద పాస్టర్ల పెత్తనాన్ని కొంత సడలించడం కూడా.

కానీ ఇదే వాదనని వాడలోని స్త్రీ వైపు నుంచి చదివితే వేరుగా ఉంటుంది. లూథరన్ ఆరాధనలో ప్రభు రాత్రి భోజనం కేంద్రం. ఒకే బల్ల, ఒకే రొట్టె, ఒకే పాత్ర. మాదిగ స్త్రీ తాగిన పాత్రలో కమ్మ స్త్రీ తాగవలసిన చోటు ఊరు మొత్తంలో బహుశా ఆ ఒక్కటే. ఆ క్షణాన్ని తప్పించడానికి ఏర్పాటు చేసినప్పుడు, ఎవరి ఇబ్బందిని సహజమని ఒప్పుకున్నట్టు? ఎవరి అవమానాన్ని ఓర్చుకోమన్నట్టు? నా చదువులో 'న్యూ పాటర్న్స్' కులాన్ని ఒక సామాజిక వాస్తవంగా చూసి దాని చుట్టూ దారి వేస్తుంది, దాన్ని అన్యాయంగా చూసి తిరగబడదు. మూడు నాలుగు తరాలు నడిచి, పాడి, పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘాన్ని నిలబెట్టిన స్త్రీలు ఆ లెక్కలో సంఘం ఎదుగుదలకి అడ్డుగా కనిపిస్తారు. లూథరన్ స్త్రీలలో పుస్తకం రాసే అవకాశం, విదేశాల్లో చదివే అవకాశం, బడి నడిపే అధికారం ముందుగా ఎవరికి చేరాయన్నది కూడా ఇందులో ఉన్న ప్రశ్నే. స్త్రీల నాయకత్వం అన్న ఒకే మాట కింద కమ్మ స్త్రీనీ మాల స్త్రీనీ మాదిగ స్త్రీనీ కలిపేస్తే ఈ ప్రశ్న కనిపించకుండా పోతుంది. సుబ్బమ్మని గౌరవిస్తూనే ఆమెతో పోట్లాడాలి. ఆమె స్థాయి నాయకురాలికి అదే తగిన మర్యాద.

అభిషేకం విషయానికి వస్తే, అమెరికాలో లూథరన్ చర్చి మొదటిసారి స్త్రీని పాస్టరుగా అభిషేకించింది 1970లో. సుబ్బమ్మ పుస్తకం వచ్చిందీ ఆ ఏడే. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడితే, స్త్రీలకి అభిషేకం 1999లో గానీ జరగలేదు. ఆ మొదటి వరుసలో సుబ్బమ్మ ఉంది. అప్పటికి ఆమె వయసు డెబ్బై అయిదు. జీవితమంతా పాస్టర్లకి, బైబిలు స్త్రీలకి పాఠం చెప్పిన మనిషికి పాస్టరయ్యే అర్హత ఉందని సంఘం ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. 2009లో ఆమె చనిపోయింది. పక్కనున్న దక్షిణ ఇండియా సంఘంలో 2013లో తెలుగు స్త్రీ ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్పుగా అభిషేకం పొంది, ఆ సంఘంలో బిషప్పయిన మొదటి స్త్రీ అయింది. ఇవి చిన్న విజయాలు కావు. కానీ పీఠమెక్కిన స్త్రీని లెక్కపెట్టుకుని, కింద సమాజం పని ఎలా జరుగుతోందో చూడకపోతే పాత నివేదికల తప్పునే మనమూ చేసినట్టవుతుంది. ఆంధ్ర లూథరన్ సంఘంలో పదవుల మీదా ఆస్తుల మీదా తగాదాలు కోర్టుల దాకా వెళ్లడం పత్రికలు చదివేవాళ్లకి తెలిసిందే. ఆ తగాదాల మధ్య కూడా ఊళ్లలో గుడి దీపం ఆరకుండా చూసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నివేదికలు చేయని పని సాహిత్యం కొంత చేసింది. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో తరాల కథంతా రూతు జ్ఞాపకంగా నడుస్తుంది. మతం మారిన మాల కుటుంబాల చరిత్రకి ఒక క్రైస్తవ స్త్రీ జ్ఞాపకాన్ని ఆధారం చేసుకోవడం ఆ నవల చేసిన గొప్ప పని. ఎం.ఎం. వినోదిని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని కూతురికి మార్చి కథ రాసింది. బైబిల్లో తండ్రి క్షమించి ఇంట్లోకి తీసుకుంటాడు. వినోదిని కథలో దళిత క్రైస్తవ ఇంటి పిల్ల పెద్దకులం స్నేహితురాలి లోకాన్ని చూసి, దాని అసలు రంగు తెలుసుకుని, తాను సిగ్గుపడిన ఇంటి విలువ గ్రహిస్తుంది. ఉపమానాన్ని తలకిందులు చేసే ఈ ధైర్యం సమాజం కూటాల్లో వాక్యం విని పెరిగిన తరానిదే. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీల రచనని ఒకచోట చేర్చి, ఈ గొంతులు కొత్తవి కావని నిరూపించింది. అయినా నాకో వెలితి కనిపిస్తుంది. మన కథల్లో క్రైస్తవ స్త్రీ ప్రార్థిస్తుంది, ఏడుస్తుంది, పాడుతుంది, భరిస్తుంది. సభ నడిపే స్త్రీ, డబ్బు లెక్క చెప్పే స్త్రీ, పెద్దలతో వాదించి ఓడిపోయే స్త్రీ ఎక్కడో గాని కనిపించదు. భక్తురాలు దొరికింది, నాయకురాలు ఇంకా దొరకలేదు.

ఆమె దొరకకపోవడానికి సాహిత్యం బయటి కారణం కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరణ వచ్చింది. క్రైస్తవులకి, ముస్లింలకి రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారినవాళ్లకి బి.సి. 'సి' గ్రూపు కింద ఒక్క శాతం ఉంది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం షెడ్యూల్డు కులం సర్టిఫికెట్ అడగడం కుదరదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీని ఫలితం స్త్రీల సమాజం రికార్డు మీద ఎలా ఉంటుందో ఆలోచించండి. గుడిలో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో మరో పేరు. సమాజం కార్యదర్శిగా కాగితం మీద పేరుంటే రేపు కూతురి సీటుకో కొడుకు ఉద్యోగానికో అదే సాక్ష్యం కావచ్చు. అందుకని పని చేస్తుంది, పేరు రాయనివ్వదు. మిషన్ నివేదికలో ఇంటిపేరు లేని బైబిలు స్త్రీ మనవరాలు ఇవాళ తనంతట తానే పేరు దాచుకోవాల్సి వస్తోంది. మొదటిసారి పేరు తీసేసింది మిషన్, రెండోసారి తీసేసింది రాజ్యం.

మా వైపు ఆడవాళ్లు పగలంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు. వెయ్యి బీడీలకి ఇంతని లెక్క. వాళ్లలో స్త్రీల మైత్రికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆకు తక్కువ తూచినప్పుడు కార్ఖానాలో గట్టిగా అడిగే స్త్రీ, గుడి లెక్కల దగ్గర ఎందుకు మెల్లగా మాట్లాడుతుందో తెలుసుకోవాలంటే ఆమెనే అడగాలి. సంఘం పేరు వేరైనా, లూథరన్ సమాజాల్లో జరిగింది ఇక్కడ ఎంతవరకు జరిగిందో అప్పుడే తెలుస్తుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల నోటిమాటని చరిత్రగా నిలబెట్టింది. ఆ పద్ధతి మన చేతిలో ఉంది. గుంటూరులో, రాజమండ్రిలో, కరీంనగర్‌లో వయసు మళ్లిన బైబిలు స్త్రీలు, నర్సులు, పాస్టరమ్మలు, సమాజం కోశాధికారులు ఉన్నారు. ట్రంకు పెట్టెల్లో కానుకల లెక్క పుస్తకాలు, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. వాటిని చెదలు తినకముందే చదవాలి. వాళ్లు కోరితే పేరుతో, వద్దంటే పేరు లేకుండా, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఎంతమందిని మార్చారని అడగొద్దు. డబ్బు ఎవరి దగ్గర దాచారు, సంతకం ఎవరు పెట్టారు, ఏ తీర్మానాన్ని పెద్దలు పక్కన పెట్టారు, ఆ రోజు ఇంటికి నడుస్తూ ఏం మాట్లాడుకున్నారు అని అడుగుదాం.